వాటాలో వచ్చిన పసుపు పురుగు

మా వదిన పుట్టిన ఊరు దేవరాపల్లికి అవతల. ఎండాకాలంలో ఆ ఊరి చెరువు నడుంలోతుకి దిగిపోయాక, ఒకరోజు ఊరంతా కలిసి దిగి చేపలు పడతారు. పట్టినవన్నీ గట్టు మీద పోసి కుప్పలు వేస్తారు. మొదటి కుప్పలు ఊళ్ళో ఇళ్ళకి కాదు, పెళ్ళయి బయటి ఊళ్ళకి వెళ్ళిన ఆడపిల్లలకి. పిల్లని ఏ ఊరికి ఇచ్చారో ఆ ఊరి పేరుతో కుప్ప ఉంటుంది. నాలుగు చేపలే వచ్చినా సరే, ఆ పిల్ల ఇంకా తమదేనని ఊరు చెప్పే మాట అది. దానికొక కట్టుబాటు ఉంది. అత్తవారు వాటాని తిప్పి పంపితే మరి ఆ పేరు పిలవరు. పుట్టినూరి చెరువుతో ఆ పిల్లకి అక్కడితో సరి.

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాలూకా ఆఫీసులో గుమస్తా అయిన మా నాన్నకీ తెలియదు, వదినని ఏరికోరి చేసుకున్న అన్నయ్యకీ తెలియదు. వదిన కాపరానికి వచ్చిన మొదటి వేసవిలో తెలిసింది.

అప్పటికి నాకు బి.ఎస్సీ. రెండో ఏడు పరీక్షలు అయిపోయి సెలవులు. జువాలజీ చదువుతున్నాను. రోజూ చోడవరం నుంచి అనకాపల్లి బస్సులో వెళ్ళిరావడం. క్లాసులో జవాబు తెలిసినా తల దించుకునేదాన్ని. ఇంటికొచ్చి అదే జవాబు డైరీలో విపులంగా రాసుకునేదాన్ని. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న నవలలు రికార్డు పుస్తకం మధ్య పెట్టి చదివేదాన్ని. నేను మాట్లాడటం విన్నవాళ్ళు మా వీధిలో తక్కువ. “గుంట మంచిది, నోట్లో నాలుక లేదు” అని మా అమ్మ పదిమందికీ చెప్పుకునేది. అది పొగడ్త అనే అనుకునేది.

ఆ సెలవుల్లో ఒకరోజు వదిన నాన్నగారు పొద్దున్న బస్సులో దిగారు. భుజం మీద తాటాకు బుట్ట, దాని మీద తడి గోనె. చెరువు పట్టారనీ, మొదటి వాటా తెచ్చాననీ చెప్పి, వీధి అరుగు మీద బుట్ట దింపి తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. అమ్మ కొరమీనులో, బొచ్చెలో ఉంటాయనుకుంది. గోనె తీసి చూసింది.

“ఇవేం చేపలన్నయ్యా?”

“తిలాపి అంతారు సెల్లెమ్మా. జిలేబి సేపనీ అంతారు. బ్లాకాఫీసోలు ఎప్పుడో గుప్పెడు ఏసేరు. మరి పోనేదు. ఇప్పుడు సెరువుకల్లా అయ్యే. పెంచక్కర్నేదు, మేపక్కర్నేదు. ఆటి బతుకు అయ్యే బతుకుతాయి.”

“అలాగా” అంది అమ్మ. సముద్రం చేప తప్ప వండననే గొప్ప మా అమ్మకి ఉంది. బుట్ట ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది.

కాసేపటికి పెరట్లోంచి కేక.

“ఒసే, ఇలా రావే! ఏటే ఇది? నూక గింజనుకుంటే కదుల్తోంది!”

నేను పరిగెత్తాను. అమ్మ బండ మీద బూడిద వేసి పొలుసు రుద్ది, మొప్ప ఎత్తింది. మొప్ప మూత లోపలి వైపు, పల్చటి పొర కింద, పసుపు కలిపిన బియ్యపు గింజల్లాంటివి. అమ్మ గోరు తగిలి ఒక పొర చిట్లినట్టుంది. లోపలిది బయటికి వచ్చి బండ మీద సాగుతోంది, ముడుచుకుంటోంది, మళ్ళీ సాగుతోంది.

“అక్షింతలు చల్లినట్టున్నాయే దీని నిండా. ఛీ ఛీ!”

వదిన గుమ్మంలో నిలబడింది. “మా ఊళ్ళో ఉంటాయత్తయ్యా. గిల్లి పారేసి వండుకుంటాం” అంది నెమ్మదిగా.

“గిల్లి పారేస్తారా? బాగుంది. పురుగులు గిల్లుకుని తినే ఊరినుంచి తెచ్చుకున్నాం మేం పిల్లని!”

వదిన ముఖం నల్లబడింది. అమ్మ చేతులు కడుక్కుని, చేపలన్నీ తిరిగి బుట్టలో వేసి, అరుగు మీదకి తీసుకెళ్ళిపోయింది. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు చెప్పింది, తిప్పి పంపితే ఏమవుతుందో. “మా అప్పకి అలాగే అయిపోయింది. ఆళ్ళ ఊరిపేరు మరి పిలవరు. పండక్కెళ్ళినా సుట్టం లాగే కూకుని వస్తాది” అంది. అత్తవారింట్లో జాగ్రత్తగా మాట్లాడే వదినకి ఆ క్షణంలో, అక్కని అప్ప అనే తన ఊరి మాట వచ్చేసింది.

అరుగు మీద నాన్న పేపరు చదువుతున్నారు. అన్నయ్య ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. అమ్మ బుట్టని వదిన నాన్నగారి కాళ్ళ దగ్గర పెట్టింది.

“ఏమీ అనుకోకండన్నయ్యా. ఇవి మేం తినలేం. తీసుకెళ్ళిపోండి.”

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. కోపం రాలేదు. “ఉంచుతారా, అట్టుకెల్లిపోమంతారా? ఒక్కమాట సెప్పండి సెల్లెమ్మా. అట్టుకెల్తే మాత్రం మరి నాను తేను. తేడానికి ఉండదు.”

అమ్మ నోరు తెరిచేలోగా నా గొంతు వినపడింది.

“ఉంచుతాం మావయ్యా.”

నాన్న పేపరు దించారు. అమ్మ నా వైపు తిరిగింది.

“నువ్వెవర్తివే ఉంచడానికి?”

“అది చేపకి పట్టే పురుగమ్మా. మనం ఉడికించుకుంటే చచ్చిపోతుంది. మనకేం కాదు.”

“నీకెవరు చెప్పేరు?”

“చదువుకున్నాను.”

“ఏదీ, ఈ చేప ఏ పుస్తకంలో ఉందో చూపించు.”

మా పుస్తకంలో ఆ చేప లేదు. గొర్రె కాలేయంలో ఉండే పురుగు ఉంది. అది నత్తలోకి ఎలా వెళ్తుందో, నత్తలోంచి గడ్డికి, గడ్డినుంచి గొర్రెకి ఎలా వస్తుందో బొమ్మలతో సహా ఉంది. దానికీ దీనికీ పోలిక ఉందని నాకు అనిపించింది, అంతే. అబద్ధం చెప్పలేకపోయాను.

“చేప లేదు. గొర్రె ఉంది.”

నాన్న పేపరు వెనక నవ్వడం నాకు కనిపించింది. అమ్మ నవ్వలేదు.

“గొర్రె గురించి చదివి చేప తింటావా?”

“తింటాను. మీ అందరి ముందూ తింటాను.”

“తిను! కడుపు పట్టుకుని ఏడిస్తే ఆసుపత్రికి మీ మావయ్యే తీసుకెళ్తాడు. నా వంటింట్లోకి మాత్రం తేవద్దు.”

పెరట్లో మూడిటుకలు పెట్టాం. వదిన కత్తిపీట ముందు కూర్చుంది, నేను పక్కన. వదిన కోస్తుంటే నేను జడపిన్నుతో ఒక్కో పొర చీల్చి చూశాను. మొప్పల కిందే కాదు, రెక్క మొదట్లో, వెన్ను కండలో, తోక దగ్గర కూడా ఉన్నాయి. పురుగు ఎక్కువగా ఉన్న చేపకి తల ఒక్కటే పెద్దది. వెనక ఒళ్ళు కత్తిరేకులా పల్చబడిపోయింది. మొప్పలు ఎర్రగా ఉండాలి. అవి చాలాసార్లు ఉతికిన జాకెట్టు గుడ్డలా వెలిసిపోయాయి. పురుగు తక్కువున్న చేపకి కండ ఉంది, లోపల కాస్త కొవ్వు కూడా ఉంది. రెండూ ఒకే చెరువువి, ఒకే పొడుగువి. తిన్నది తనకి కొంత, లోపలి అతిథులకి కొంత పంచి, ఆ చేప అన్నాళ్ళూ ఈదింది. కళ్ళ దగ్గర నల్ల చుక్కలున్నదొకటి. తోక దగ్గర పొలుసు ఊడి, పెసరగింజంత చేపపేను అంటుకుని ఉన్నది ఇంకోటి. చచ్చిపోవలసిన చేపలు చావకుండా వలలోకి వచ్చాయి. అసహ్యం వెయ్యలేదు నాకు. చెప్పలేనంత గౌరవం కలిగింది.

వదిన చింతపండు పులుసులో చిన్న బెల్లం ముక్క వేసి కాచింది. బాగా మరగనిచ్చాం. అరుగు మీద విస్తళ్ళు వేసి నేనూ, వదినా, మావయ్యా కూర్చున్నాం. అమ్మ స్తంభానికి ఆనుకుని నా నోటివైపే చూసింది. మొదటి ముద్ద దిగుతుంటే భయం వేసింది. పుస్తకం గొర్రె గురించే చెప్పింది కదా మరి. అయినా మింగి, రెండో ముద్ద కలిపాను.

మావయ్య మధ్యాహ్నం బస్సుకి ఖాళీ బుట్టతో వెళ్ళారు. ఆ బుట్ట ఖాళీగా వెళ్ళడమే వదినకి కావలసింది.

ఆ వారమంతా అమ్మ పొద్దున్నే అడిగేది, “కడుపెలా ఉందే?” అని. బాగానే ఉందంటే కొంచెం నిరాశపడేదనుకుంటాను.

కొన్ని పురుగుల్ని నేను ఖాళీ ఇంకు సీసాలో స్పిరిట్ పోసి దాచాను. కాలేజీ తెరిచాక ల్యాబులో మా లెక్చరరుకి చూపించాను. ఆయన మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఇది పెద్ద పురుగు కాదు, పిల్ల దశ అన్నారు. పెద్దదయ్యేది కొంగ గొంతులోనట. కొంగ నీళ్ళలో ముక్కు పెట్టినప్పుడు గుడ్లు జారతాయి. గుడ్డులోంచి వచ్చింది నత్తలో దూరుతుంది. నత్తలోంచి కంటికి కనపడనంత చిన్నవిగా బయటపడి ఈదుకుంటూ చేప చర్మంలో దూరి, గూడు కట్టుకుని కూర్చుంటాయి, ఏ కొంగో వచ్చి ఆ చేపని మింగేదాకా. ఉడికిన చేపలో దానికి బతుకు లేదనీ, పచ్చిగా మాత్రం తినకూడదనీ చెప్పారు. నా గొర్రె పోలిక తప్పు కాలేదు.

తర్వాత సీసా మూత పెడుతూ అన్నారు, “తిలాపియా ఎందుకమ్మా, టైం వేస్టు. చేపల్లో అదొక కలుపుమొక్క. పరీక్షలో రాదు.”

“పరీక్షలో రాదని దానికి రోగం రాకుండా ఉంటుందా సార్?”

వెనక బల్ల మీది మగపిల్లలు తలలు ఎత్తారు. నా చెవులు కాలిపోయాయి. అయినా సీసా నా సంచిలో వేసుకున్నాను. పెంచేవాడు లేడు, మందేసేవాడు లేడు. అలాంటి చేపకి వచ్చే జబ్బు జబ్బు కాదా? ఆ ఏడాది సంతలో తిలాపియా కనపడితే చాలు, రెండు కొనుక్కుని పెరట్లో కోసి చూసేదాన్ని. అమ్మ నన్ను “చేపల డాక్టరు” అని పిలవడం మొదలుపెట్టింది. అక్కచెల్లెళ్ళ ముందు మరీ గట్టిగా పిలిచేది.

మరుసటి వేసవికి వదినకి నెలలు నిండుతున్నాయి. చెరువు పడుతున్నారని వాళ్ళ ఊరి మనిషి ఒకాయన బస్టాండులో అన్నయ్యకి కబురు చెప్పాడు. మావయ్య ఈసారి తేరట. పోయినేడు అరుగు మీద జరిగింది ఊళ్ళో తెలిసిపోయింది. “ఆళ్ళింట్లోంచి ఎవులైనా వచ్చి, పేరు పిలిచినప్పుడు పలికితే ఇత్తాం, నేపోతే నేదు” అన్నారట పెద్దలు.

“రెండు పుచ్చు చేపల కోసం దేవరాపల్లి బస్సెక్కాలా? ఎవరూ వెళ్ళక్కర్లేదు” అంది అమ్మ.

“అమ్మ వద్దంటోంది కదా” అన్నాడు అన్నయ్య, వదిన వైపు చూడకుండా.

వదిన ఆ ఒంటితో బస్సెక్కే స్థితిలో లేదు. “పోనీ లెండి మరదలా. ఉంటే ఉంది, లేపోతే లేదు” అని బియ్యం చేట ముందు పెట్టుకుంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

నేను లోపలికి వెళ్ళి సంచి తీసుకున్నాను. అప్పటిదాకా కాలేజీకి తప్ప ఒంటరిగా బస్సెక్కినదాన్ని కాదు. “ఎక్కడికే?” అని అమ్మ అడిగింది. చెప్పాను. “గుమ్మం దాటేవంటే చూడు!” అంది. దాటాను.

చెరువు గట్టు మీద తిరనాళ్ళలా ఉంది. మగవాళ్ళు బురదలో వరసగా నడుస్తూ వలలు లాగుతున్నారు, ఆడవాళ్ళు చేపల మీద బోర్లించే ఊతబుట్టలతో వెనకాల వస్తున్నారు. చెరువులో వల ఇంకా వెళ్ళని వైపంతా తుమ్మకంపలు పాతి ఉన్నాయి. ఒక్కో కంప మీదా రెండేసి మూడేసి కొంగలు. నడుస్తూనే వాటిని లెక్కపెట్టాను. మావయ్య నన్ను చూసి గబగబా వచ్చారు.

“ఒక్కదానివే వచ్చేవా అమ్మా?”

“అవును మావయ్యా. ఆ కంపలెందుకు?”

“దొంగలు వలెయ్యకుండా. వలేత్తే కంపకి తగులుకుని సిరిగిపోద్ది.”

నేను గట్టుకి దగ్గరగా ఉన్న కంప ఒకటి కదిపి పైకి లాగాను. నీటిలో మునిగిన కొమ్మల నిండా నత్తలు, చింతపిక్కలు గుచ్చినట్టు. పైన కొంగ, కింద నత్త, ఆ నీడలో చేప. మా లెక్చరరు బోర్డు మీద గీసిన బొమ్మంతా ఒక్క కొమ్మకి వేలాడుతోంది.

“ఇవి మొత్తానికే తీసేస్తే పురుగు తగ్గుతుంది మావయ్యా. కొంగ కూర్చోదు, నత్త పట్టదు.”

ఆయన నవ్వారు. “తీసేత్తే దొంగలొత్తారమ్మా. పురుగు సేపని కొంచెం కొంచెం తింతాది. దొంగ మొత్తం అట్టుకెల్లిపోతాడు. నువ్వే సెప్పు, ఏది మేలు?”

కంపని మళ్ళీ ఉన్నచోటే పాతాను.

కుప్పలు వేశాక ఒక పెద్దాయన కర్ర పట్టుకుని ఊళ్ళు పిలవడం మొదలుపెట్టాడు. పిలిచిన ఊరికి ఎవరో ఒకరు “ఉన్నాం” అనాలి. గట్టు మీద మూడొంతుల మంది మగవాళ్ళే. సంచి రెండు చేతులతో పట్టుకుని ముందుకి జరిగాను.

“సోడవరం!”

నోరు తెరిచాను. మాట రాలేదు.

“సోడవరం!”

“ఆళ్ళు రార్రా బావా. ఆళ్ళకి సెరువు సేప అరగదంట, సముద్రమే కావాలంట” అన్నాడొకడు. అందరూ నవ్వారు. పెద్దాయన కర్ర పక్క కుప్ప మీదకి జరగబోయింది.

“ఉన్నాం!”

అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. గొంతు చీలింది. గట్టంతా నా వైపు తిరిగింది.

“నువ్వెవరమ్మా?”

“మీ పిల్లకి ఆడపడుచుని.”

“పురుగులున్నాయి మరి. తింతావా?” నవ్విన మనిషే మళ్ళీ.

“పోయినేడూ తిన్నాను. బతికే ఉన్నాను కదా. పురుగు మీ ఊరిదీ కాదు, మీ చేపదీ కాదు. అదిగో ఆ కంప మీద కూర్చుందే, దాని గొంతులోది.”

“కొంగ గొంతులోంచి సేప కడుపులోకా! ఎలాగెల్లిందమ్మా, బస్సెక్కా?”

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. నాకూ నవ్వొచ్చింది. నత్త సంగతి మొదలుపెట్టాను కానీ ఎవరూ వినలేదు. బురద బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒక ముసలావిడ మాత్రం, “గుంటకి నోరుందిరా. ఇచ్చీండి” అంది. పెద్దాయన కర్రతో కుప్పని నా వైపు నెట్టాడు. మావయ్య వాటిని బుట్టలో వేసి, తడి గోనె కప్పి ఇచ్చారు.

తిరుగు బస్సులో కండక్టరు బుట్ట పైన పడెయ్యమన్నాడు. పడెయ్యనన్నాను. పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చోడవరంలో దిగి, బుట్ట నడుం మీద పెట్టుకుని బజారు మధ్యనుంచి నడిచాను. నీసునీళ్ళు ఓణీ మీదుగా పాదాల దాకా కారుతున్నాయి. నాన్న ఆఫీసులో పనిచేసే ఆయన కిళ్ళీ కొట్టు దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. మామూలు రోజైతే ఆయన్ని చూసి సందులోకి తిరిగిపోయేదాన్ని. ఆ రోజు తిన్నగా వెళ్ళాను.

అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. వెనకాల, గోడ పట్టుకుని, వదిన.

“తెచ్చేవూ?”

“తెచ్చేను. తిప్పి పంపాలంటే ఈసారి నువ్వే బస్సెక్కాలి. అక్కడ అందరి ముందూ నిలబడి అరవాలి. నేను అరిచే వచ్చేను.”

నా గొంతు బొంగురుపోయింది. అది అమ్మ విందేమో. రెండు వేళ్ళతో గోనె అంచు ఎత్తి లోపలికి చూసింది.

“తలకాయలు తప్ప ఒళ్ళేదే వీటికి?”

“ఒంట్లోది వేరేవాళ్ళు తినేస్తే ఎక్కడుంటుంది? అయినా బతికేయి కదా.”

“ఆ, బతికేయి” అంది. పక్కకి తప్పుకుంది. “పెరట్లోకి పట్టుకుపో. గుమ్మమంతా నీసు.”

వంటింట్లోకి ఆ రోజూ రానివ్వలేదు. ఆ చేప అమ్మ ఇప్పటికీ ముట్టదు. నేను మళ్ళీ మూడిటుకలూ పేర్చాను. వదిన బరువుగా పీట మీద కూర్చుని, మొదటి చేప మొప్ప ఎత్తి, గోటితో గిల్లి, పురుగుని కాకులకి విసిరింది. “మా సెరువుది” అంది, చేప వైపు చూస్తూ.